మన సీమవారి వస్త్రధారణము - దాని చరిత్రము

ఒక దేశమువారి పూర్వచరిత్రమును దెలిసికొనదలచినవారు కోటలను, శాసనములను, నాణెములను పరిశీలింతురు. కట్టిన బట్టను పరిశీలించువారు తక్కువ. బట్ట చిరకాలము నిలుచునది కాదు; ఎండకు వెలయును, పురుగు తినును, తుదకు మసిగుడ్డయై పొయ్యి కడకు జేరును. కావుననే వేయేండ్ల నాటి రాతికంబము మన కంటబడుచున్నది గాని, నాలుగువందల యేండ్ల నాటి చీర కంటబడుట దుర్లభము. అయినను ఈ కరవుసీమయందు వస్త్రచరిత్రమును జదువుకొనుటకు రెండు మంచి పుస్తకములు గలవు. ఒకటి లేపాక్షి దేవాలయపు పైకప్పు. రెండవది ధర్మవరపు మగ్గము. మొదటిదానిపై 16వ శతాబ్దివారి బట్టలను చిత్రకారులు రంగులతో వ్రాసి యుంచిరి. రెండవదానిపై నేటికిని బట్ట పుట్టుచున్నది. ఈ రెండూళ్లును అనంతపురము జిల్లాలోనివి. 2022 ఏప్రిలులో జరిగిన విభజనమువలన శ్రీ సత్యసాయి జిల్లాకు జేరినవి. పటముపై గీత మారినది గాని నేల మారలేదు గనుక, నేను "మన సీమ" యనియే వ్రాయుచున్నాను.

మొదట నొక భేదమును గ్రహింపవలెను. లోకమున వస్త్రములు రెండు తెరగులు. దేహము కొలతకు కత్తిరించి కుట్టునవి కొన్ని. మగ్గమునుండి దిగినది దిగినట్లే చుట్టుకొనునవి కొన్ని. జపానువారి కిమోనో ఈ రెంటికిని నడుమనున్నదని చెప్పవచ్చును. ఆ మాటకు "ధరించు వస్తువు" అనియే యర్థము. సుమారు 36 సెంటీమీటర్ల వెడల్పు, 12 మీటర్ల పొడవుగల యొక తానును, వంపులు లేకుండ తిన్నని తునుకలుగా గోసి, తిన్నగానే కుట్టుదురు. ఉతుకవలసినప్పుడు కుట్లు విప్పి తునుకలను మరల చేర్చినచో తాను తానుగానే యగును. ఎడమచెంగు కుడిచెంగుపైకి వచ్చునట్లు ధరింపవలెనని 719వ సంవత్సరమున నచటి ప్రభుత్వము శాసించినది. నేటికిని జీవించియున్నవారు అట్లే ధరింతురు, మృతులకు మాత్రము అందుకు విరుద్ధముగా తొడుగుదురు. బట్టను వృథా చేయరాదను పొదుపు ఆ దేశమున ఎంత దూరము వెళ్లినదో చూడుడు.

మన చీర అంతకన్న నొక యడుగు ముందున్నది. దానికి ఆ తిన్నని కోతయు లేదు. దర్జీ చేయవలసిన పనియంతయు నేతగాడే ముగించి పంపును. అంచు గట్టిగాను బరువుగాను ఉండుట అందముకొరకే యని పలువురు తలంతురు. కాని అంచు గట్టిది గనుకనే చీర పాదములచెంత చిరుగదు. బరువైనది గనుకనే గాలికి లేవక నిలిచి యుండును. కుచ్చిళ్లకు వచ్చు నడిమిభాగము పలుచగా నుండవలెను. భుజముపై వ్రేలు కొంగు మరల బరువుగా నుండవలెను. ఒక్క గుడ్డలో మూడు విధములైన నేత! పంచెయు నట్లే.

ఈ సీమలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడును. ఎండకు మాత్రము కొరత లేదు. ఇట్టిచోట వదులుగా చుట్టుకొనిన గుడ్డ దేహమునకు గాలి తగులనిచ్చును. అది యొక్క పనికే గాక పదిపనులకు వచ్చును. రైతు పైగుడ్డ తలపాగ యగును, చెమట తుడుచును, చేనినుండి వేరుసెనగకాయలను మూటగట్టి తెచ్చును, రాత్రి పరుపగును. తల్లి పాతచీర చేనిగట్టున చెట్టుకొమ్మకు ఉయ్యెల యగును. ఇంకను పాతపడినప్పుడు బొంతలో పొర యగును. కోటు ఇన్నివిధముల జీవింపగలదా?

గొఱ్ఱెలకాపరి కంబళిని ఇక్కడనే చెప్పవలెను. దక్కను గొఱ్ఱెల నల్లని బిరుసు ఉన్నిని వడికి, నేసి, చింతగింజల అంబలితో గంజిపెట్టుదురు. ఆ గంజివలన అది వానను తొందరగా లోనికి రానీయదు. ఒక మూలను మడిచి తలపై వేసికొనినచో గొడుగు. నేలపై పరచినచో చాప. పూస మాసపు చలిలో దుప్పటి. మనవారు దానిని మోటుదని యెంచుట కలదు. నేను అట్లు తలంపను.

ఇక లేపాక్షికి పోవుదము. ఆ వీరభద్రాలయమును నిర్మింపించినవాడు విరూపణ్ణ. విజయనగరము నేలిన అచ్యుతదేవరాయల (1529-1542) కాలమున నితడు పెనుగొండసీమలో అధికారి. మండపముల పైకప్పులపై సున్నపు పూతవేసి, ఎఱ్ఱమన్ను, పచ్చమన్ను, సున్నము, మసి మొదలగువానితో చేసిన రంగులతో చిత్రములు వ్రాయించెను. నీలిరంగు అందు కానవచ్చుట అరుదు. పార్వతీ కల్యాణము, ద్రౌపదీ స్వయంవరము, కిరాతార్జునుల కథ, మఱ్ఱియాకుపై బాలకృష్ణుడు, ఇవి యందలి కొన్ని విషయములు. చూడబోయినవారు కథలను జూచి మెడనొప్పితో తిరిగివత్తురు. కథలను విడిచి బట్టలను మాత్రమే చూచువారికి వేరొక ప్రపంచము తెరవబడును.

అందు స్త్రీల చీరలు ఒకదానివలె నొకటి లేవు. కొన్ని చారలు, కొన్ని గళ్లు, కొన్ని చిన్నచిన్న పూవులు. అంచులు స్పష్టముగా వేరురంగున నున్నవి. కొంగు కొనలను చిత్రకారుడు బాణపుమొనలవలె నిక్కించి వ్రాసెను. బట్ట నిజముగా నట్లు నిక్కి నిలుచునా యని విద్యార్థులు అడుగుదురు. అది చిత్రకారుని పద్ధతి యనియే నా యభిప్రాయము. అయినను మెత్తని గుడ్డనే చూచియున్నవానికి ఆ పద్ధతి తోచియుండదు. గంజిపెట్టిన నూలునో, జరీతో బిరుసెక్కిన పట్టునో అతడు చూచియే యుండవలెను.

పురుషుల వేషము ఇంతకన్న వింతయైనది. విరూపణ్ణయు, ఆయన పరివారమును ప్రసాదము నందుకొనుచున్న చిత్రమును జూడుడు. మన తాతముత్తాతలు పంచె, ఉత్తరీయములతో నుండిరని తలంచువారికి అచట ఆశ్చర్యము గలుగును. వారు పొడవైన పలుచని తెల్లని అంగరఖాలు తొడిగి, నడుమున దట్టిగట్టి, తలలపై మూరెడు పొడవుగల శంఖాకారపు టోపీలు పెట్టియున్నారు. ఆ యంగీ పేరు కబాయి. ఆ టోపీ పేరు కుళ్లాయి. ఈ రెండు మాటలును మనవి కావు. మొదటిది అరబ్బీ "కబా" నుండియు, రెండవది పారసీక "కులాహ్" నుండియు వచ్చినవి. అనగా విజయనగరపు సభవారు, పశ్చిమాసియా దేశముల రాజసభలలో మర్యాదగా నెన్నబడిన వేషమును తామును గైకొనిరి. రాజ్యముతో రాజ్యము యుద్ధము చేయుచున్న కాలముననే బట్ట సరిహద్దు దాటినదన్నమాట.

ఇది చిత్రకారుని కల్పన కాదనుటకు ఇతర సాక్ష్యములు గలవు. 1443లో వచ్చిన పారసీక రాయబారి అబ్దుర్ రజాకు, రెండవ దేవరాయలు "జైతూనీ" పట్టుబట్టతో చేసిన కబాయిని ధరించియుండెనని వ్రాసెను. జైతూను అనునది చీనాదేశపు రేవు. నేటి చువాన్‌జో పట్టణము. 16వ శతాబ్ది తొలి సంవత్సరములలో వచ్చిన ఇటలీ యాత్రికుడు వర్తెమా, రాజు రెండు జానల పొడవుగల జరీటోపీ పెట్టెననియు, గొప్పవారును కాలికి జోడు తొడుగరనియు, సామాన్యులు మొలగుడ్డతోనే యుందురనియు వ్రాసెను. పోర్చుగీసువాడగు పాయెస్, 1520 ప్రాంతమున, శ్రీకృష్ణదేవరాయలను బంగారు గులాబులు కుట్టిన తెల్లబట్టలతో, జరీటోపీతో, వట్టి పాదములతో చూచెను. తిరుమలలో నిరువురు దేవేరులతో నిలిచియున్న ఆ రాయల రాగివిగ్రహమునకును పొడవైన టోపీ కలదు. శ్రీనాథ మహాకవి కర్ణాట రాజసభకు వెళ్లినప్పుడు కుళ్లాయి పెట్టవలసివచ్చెనని చెప్పు చాటుపద్యమును మీరు తరగతిలో వినియుందురు. ఆయనకు ఆ టోపీ సుఖముగా నున్నట్లు లేదు.

లేపాక్షి చిత్రములలో నింకొక్క సంగతి గమనింపదగినది. మనుష్యులకు కుట్టిన బట్టలు తొడిగిన చిత్రకారుడు దేవతలకు తొడుగలేదు. దేవతలు కిరీటములతో, చుట్టుకొనిన వస్త్రములతోనే యున్నారు. సభకు వేరు, పూజకు వేరు అను నియమము నాడే యుండెనని దీనివలన తెలియుచున్నది. కోతపడని బట్టయే శుభకార్యములకు తగినదను భావము నేటికిని పెండ్లిండ్లలో మధుపర్కముల రూపమున నిలిచియున్నది. మన క్రైస్తవ కుటుంబములలో పెండ్లికూతురు రంగుచీరకు మారుగా తెల్లని పట్టుచీర గట్టును. రంగు మారినను చీర మారలేదు.

1565లో రాక్షసతంగడి యుద్ధమున విజయనగరము పాడుపడిన పిమ్మట రాజధాని మన పెనుగొండకు వచ్చెను. కొంతకాలమునకు చంద్రగిరికి దాటిపోయెను. సభ పోయినతోడనే సభవేషమును క్రమముగా పోయెను. నేడు కబాయి యను మాట నిఘంటువులలో మాత్రమే యున్నది. కుళ్లాయి మాత్రము పసిపిల్లల తలలపైకి దిగినది: చలికాలమున తల్లులు బిడ్డలకు పెట్టు ఉన్నిటోపీయే నేటి కుళ్లాయి. నార్పల సమీపమున గూగూడులో మొహర్రము దినములయందు హిందువులును మహమ్మదీయులును కలిసి కొలుచు కుళ్లాయిస్వామి పేరులోను ఆ టోపీ నిలిచినది. మన హాజరు పట్టికలలో కుళ్లాయప్ప యను పేరు లేని సంవత్సరము అరుదు. ఒక రాజసభ టోపీ, తలలపైనుండి దిగి, పేరులలో జేరినది.

సభవారి వేషము పోగా, చీర యేల పోలేదు? దానిని నిలిపినది రాజు కాదు; మగ్గము. కనుక మగ్గము సంగతి కొంత వివరముగా వ్రాయవలెను.

లేపాక్షి ఆవరణలోనే లతామంటపము కలదు. దాని స్తంభముల ముఖములపై తీగెలు, పూవులు, పక్షులు, గళ్లు ఒక్కొక్కచోట నొక్కొక్క తీరున చెక్కబడినవి. చీరయంచులకు ఆ నమూనాలు నేటికిని తీసికొనబడుచున్నవి. శిల్పి బట్టను జూచి రాతిపై చెక్కెనో, నేతగాడు రాతిని జూచి బట్టపై నేసెనో తేల్చుట సులభము కాదు. బహుశః రెండును జరిగియుండును.

అచటినుండి ఉత్తరముగా చిత్రావతి యొడ్డున నున్న ధర్మవరము పట్టుచీరలకు ప్రసిద్ధి. పద్మశాలి, తొగట, దేవాంగ మొదలగు నేతవారి ఇండ్లలో వసారాయే కార్ఖానా. పట్టు కొంత ఈ సీమలోనిదే. బావినీటితో ఎఱ్ఱనేలలో మల్బరీ పెంచి, పురుగులను మేపి, గూళ్లను రైతులు అమ్ముదురు. హిందూపురపు పట్టుగూళ్ల సంత పేరుపొందినది. ఒక్క గూటిలో ఆరువందలు మొదలు వేయి మీటర్ల పొడవుగల యేకదారము చుట్టబడియుండును. అది కంటికానని సన్నముగా నుండుటచే పలుగూళ్ల దారములను వేడినీటిలో కలిపి యొక పోగుగా తీయుదురు. పురుగు తన దారమునకు పూసిన జిగురు పోవుటకై సబ్బునీటిలో ఉడికింతురు. అప్పుడుగాని పట్టుకు మెరుగు రాదు, రంగు పట్టదు.

రంగు వేసిన పోగులను పడుగుగా సాచుటకు పొడవైన వీథి కావలెను. తెల్లవారుజామున ధర్మవరపు వీథులలో నడచువారు ఆ చెంతనుండి ఈ చెంతవరకు సాగియున్న రంగుల పడుగులను జూడవచ్చును. ఎండ ముదురకముందే ఆ పని కావలెను. పొడిగాలికి పోగు పెళుసై తెగును. మన సీమగాలి యెట్టిదో చెప్పనక్కరలేదు. గుంతమగ్గమునందలి గుంత కాళ్లు పెట్టుకొనుటకే యని చూచువారు తలంతురు. నేలతేమ పోగుకు తగులుట గూడ దానివలని మేలు.

పడుగు నిలువు, పేక అడ్డము. కాలితో తొక్కినప్పుడు పడుగుపోగులు కొన్ని లేచి కొన్ని దిగును. ఆ సందున నాడె దూకును. దువ్వెనవంటి పన్నెతో పేకను దగ్గరకు కొట్టుదురు. ఇంతే నేత. కాని ధర్మవరపు నేత యిక్కడ నాగదు. చీర ఒడలు ఒక రంగు, అంచు వేరొక రంగు కావలెనన్న మూడు నాడెలు వేయవలెను: కుడియంచుకొకటి, ఒడలికొకటి, ఎడమయంచుకొకటి. ప్రతి వరుసలోను ఒడలి పేక అంచు పేకతో ముడిపడి వెనుదిరుగవలెను. ఒక్క వరుసలో ముడి తప్పినచో అక్కడ సందుపడును. నేతగాని కొక సహాయుడు ప్రక్కన కూర్చుండి యొక నాడెను అందించును. ఇదివరలో ఆ సహాయుడు ఇంటిలోని బాలుడో బాలికయో యై యుండెడివాడు. బడికి రాక మగ్గమువద్ద కూర్చుండిన బిడ్డలు ఎందరో. ఈ అందమునకు చెల్లించిన వెలలో అదియు నొక భాగమని ఉపాధ్యాయుడనగు నేను వ్రాయక తప్పదు.

పడుగు ఒక రంగును పేక వేరొక రంగునైనచో చీర వెలుతురునుబట్టి రంగు మార్చును. నీలి పడుగులో ఆకుపచ్చ పేక పడినప్పుడు వచ్చునదే నెమలికంఠపు రంగు. పెద్దయంచులకు, కొంగుపై పూవులకు జకార్డు పెట్టె వేయుదురు. ఫ్రాన్సుదేశమున లియాన్ పట్టణపువాడగు జకార్డు 1804లో కల్పించిన యంత్రమిది. అట్టలకు రంధ్రములు పొడిచి వరుసగా కుట్టుదురు. రంధ్రమున్నచోట పోగు లేచును, లేనిచోట లేవదు. ఈ యుపాయమునే చూచి లెక్కలు చేయు యంత్రములకు రంధ్రపు అట్టలను తర్వాతివారు వాడిరి. మన మగ్గపు పెట్టెయు, పాఠశాలలోని కంప్యూటరును దూరపు చుట్టములే.

ఇన్ని చేసినపిమ్మట నేతగానికి దక్కునదేమి? పని తీరునుబట్టి చీరకు వారము పట్టవచ్చును, నెల పట్టవచ్చును. సామాన్యముగా పట్టును జరీని పెట్టుబడిదారు ఇచ్చును. నేతగానికి కూలి దక్కును. పట్టువెల పెరిగిన నష్టము వానిది, చీరవెల పెరిగిన లాభము వేరొకరిది. వాన లేని యేట మగ్గమునకేమి నష్టమని అడుగుదురు. చేను ఎండినచోట పెండ్లి వాయిదా పడును. పెండ్లి వాయిదా పడినచోట చీర అమ్ముడుపోదు. అప్పుమాత్రము వాయిదా పడదు. అప్పుల బాధచే ధర్మవరమున నేతగాండ్రు ప్రాణములు తీసికొనిన వార్తలు పత్రికలలో పలుమారు వచ్చినవి.

దీనికి తోడు మరమగ్గము వచ్చినది. 1985లో కేంద్రప్రభుత్వము కొన్ని రకముల బట్టలను, వానిలో కొన్ని చీరలను, చేమగ్గముపైననే నేయవలెనని చట్టము చేసినది. 1993లో సర్వోన్నత న్యాయస్థానము దానిని సమర్థించినది. ధర్మవరపు పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపును లభించినది. అయినను మరమగ్గపు చీర ధర్మవరపు పేరుతో అంగడికి వచ్చుచునే యున్నది. మరమగ్గముపై నాకు ద్వేషము లేదు. పేదయింటి యాడుబిడ్డ తక్కువ వెలకు మంచిచీర కట్టుట తప్పెట్లగును? దానిని చేనేత యని చెప్పి యమ్ముట మాత్రము దొంగతనము.

భేదమును కనిపెట్టుటకు కొన్ని గుర్తులు గలవు. చీరను తిరుగవేసి చూడుడు: మూడు నాడెల నేతలో ఒడలును అంచును కలిసినచోట ముడుల వరుస తెలియును. చేమగ్గముపై బట్ట ముడుచుకొనకుండ అడ్డకఱ్ఱ పెట్టి సాచుదురు గనుక అంచు చివర సన్నని సూదిరంధ్రములు మిగులును. ఒక్క పోగును లాగి కాల్చినచో పట్టు వెండ్రుక కాలిన వాసన వేసి బూడిదయగును. కృత్రిమదారము కరగి గుండుగా గట్టిపడును. మేలిజరీని గోటితో గీకినచో లోపల ఎఱ్ఱని పట్టుపోగు కానవచ్చును. సిల్కుమార్కు చీటి పట్టునకు సాక్ష్యమే గాని చేనేతకు సాక్ష్యము కాదు. చేనేతకు వేరొక గుర్తు కలదు.

మా విద్యార్థులలో నేతయిండ్లనుండి వచ్చువారు కొందరున్నారు. పెద్దయైన పిమ్మట మగ్గమున కూర్చుండెదరా యని అడుగగా చేయెత్తువారు మిక్కిలి తక్కువ. వారిని నేను నిందింపను. తండ్రి మోకాళ్లనొప్పిని, ఇంటి అప్పును చూచుచున్నవారు వారే. కాని నమూనాల పేరులు, రంగుల పాళ్లు, పోగుల లెక్కలు ఏ పుస్తకమునను పూర్తిగా లేవు. అవి ఆ తండ్రుల చేతులలో నున్నవి. కట్టు సంగతియు నట్లే. నేటి ఆరుగజముల చీరకు ముందు తొమ్మిదిగజముల చీరను గోచిపెట్టి కట్టి పొలమున పనిచేసిన అవ్వలు కొందరింకను మన యూళ్లలో నున్నారు. ఆ కట్టు ఏ కుచ్చు ఎటు తిప్పినచో నిలుచునో వారికే తెలియును.

వచ్చు సెలవులలో విద్యార్థులు ఒక నోటుపుస్తకమును ఇందుకు ప్రత్యేకింపవచ్చును. అవ్వను అడిగి ఆ కట్టును కట్టించుకొని, వరుసక్రమమున బొమ్మలు వ్రాయుడు. ఇంటిలోని పాతచీరల అంచులకు ఇంటివారు చెప్పు పేరులను, కొన్న ఊరిని, కొన్న సందర్భమును వ్రాయుడు. చినిగిన చీరను బొంతకు కత్తిరింపకముందు దాని యంచుపై పలుచని కాగితము పెట్టి పెన్సిలుతో నమూనాను దించుకొనుడు. లేపాక్షికి వెళ్లువారు చిన్న అద్దమును వెంట తీసికొనిపోయి, దానిని అరచేత బట్టి పైకప్పును అందులో చూచినచో మెడనొప్పి యుండదు.